బీపీ పట్టీకి వేసిన అతుకు

ఆదివారం ఉదయం కుట్టుమిషన్లు రెండూ గుడ్డలు కప్పుకుని ఉండేవి. కత్తిరింపు బల్ల మీది సుద్దముక్కలను, ఇనుప కత్తెరను ఒక వారకు జరిపి ఆమె మధ్యలో బీపీ మిషన్ పెట్టేది. తమ్ముడు ముక్కాలిపీట మీద కూర్చుని చొక్కా చెయ్యి భుజం దాకా మడిచేవాడు. ఆ చేతిని బల్ల మీద ఆనించి, పట్టీ చుట్టి, మీట నొక్కి, ఆమె ఊపిరి బిగబట్టేది. కొలిచే మనిషి ఊపిరి బిగబట్టనక్కర్లేదని తెలిసినా ఆ అలవాటు పోలేదు.

“కదలకు.”

“కదల్లేదు.”

“మాట్లాడకు.”

“నువ్వంటేనే కదా జవాబు చెప్పాను.”

“ఒరే!”

పట్టీ ఉబ్బి, ఆగి, నిట్టూర్చినట్టు దిగింది. అంకె వెలిగింది. నూట నలభై తొమ్మిది.

“తగ్గలేదు,” అంది ఆమె.

“పెరగలేదు కదా. దానికి సంతోషించు.”

“ఇన్ని మాత్రలు మింగుతూ కూడా తగ్గలేదంటే పెరిగినట్టే లెక్క.”

తమ్ముడి పని కుర్చీలకు, సోఫాలకు మెత్తలు కుట్టడం. పనికి తగ్గట్టే వీధిలో అందరూ అతణ్ణి దిండు అనేవారు. అదే గదిలో కిటికీ వైపు సగం అతడి బావది, అంటే ఆమె భర్తది. ఆయన కోట్లు, ప్యాంట్లు కత్తిరించే దర్జీ. నిటారుగా, సన్నగా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉండేవాడు కాబట్టి ఆయన పేరు సూది మాస్టరు. సూదీ దిండూ ఒకే కొట్లో ఉంటే గుచ్చుకోకుండా ఎలా ఉంటాయని వచ్చినవాళ్ళు నవ్వేవారు. గుచ్చుకునేవి కూడా.

“ఏరా బావమరిదీ, నీ చొక్కాకి పట్టే గుడ్డతో నాకు రెండు చొక్కాలూ ఒక చేతిరుమాలూ వస్తాయి,” అన్నాడు ఆ ఆదివారం కూడా మాస్టరు, కాజాలు కుడుతూ.

“ఆ చేతిరుమాలు నాకిచ్చెయ్ బావా. నీ ఎముకలు గుచ్చుకుని చొక్కా చిరిగినప్పుడు అతుకు వేసిపెడతాను.”

ఆమె నవ్వలేదు. ఆ అంకె ముందు ఆమెకు నవ్వు వచ్చేది కాదు. వాళ్ళ నాన్న భారీ మనిషి. ఒక మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర నీళ్ళ గ్లాసు అందుకోబోయి, అందుకోకుండానే ఒరిగిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. ఆ గ్లాసును నాన్న వైపు జరిపింది ఆమే. తమ్ముడు నాన్న పోలికలన్నీ పుణికిపుచ్చుకున్నాడు: ఆ మెడ, ఆ భుజాలు, కూర్చుంటే కుర్చీ చేసే ఆ చప్పుడు. నాన్న పోయిన వయసుకు వాడు వచ్చే ఏడాది చేరతాడు. అది దాటించాలి. ఈ ఇంట్లో ఇంకో మనిషి అలా ఒరిగిపోవడం తాను చూడకూడదు. ఆమె కోరిక అంతకు మించి ఏమీ లేదు. మిషన్ కొన్నది, వంటలో ఉప్పు మానేసింది, ఆదివారాలు బల్ల ఖాళీ చేయించింది, అంతా దానికోసమే.

చప్పిడి కూరలు తమ్ముడికీ ఆమెకూ. మాస్టరు పళ్ళెం పక్కన మాత్రం చిన్న గాజుసీసాలో ఉప్పు ఉండేది. ఆయన సీసాను రెండువేళ్ళతో ఎత్తి, కూర మీద వాన కురిసినట్టు చల్లుకునేవాడు. “సన్నటివాడికి ఏదైనా అరుగుతుంది,” అనేవాడు. ఆమెకూ అది న్యాయంగానే తోచేది. పెళ్ళికి ముందు తన ప్యాంటు కోసం ఆయన గోధుమరంగు కాగితం మీద కత్తిరించుకున్న నమూనా ఇప్పటికీ గోడకు మేకున వేలాడుతోంది. ఇప్పటికీ ఆయన దానిమీదే గుడ్డ పరిచి గీస్తాడు. ఊళ్ళో అందరి నడుములూ ఏ ఏడు ఎంత పెరిగాయో ఆయనకు తెలుసు. తనది పెరగలేదని అంతకంటే బాగా తెలుసు. పొద్దున్నే తల వెనక బరువుగా ఉంటే ఇస్త్రీపెట్టె ఆవిరి పడలేదనేవాడు. తలకు తువ్వాలు బిగించుకుని పనిలో కూర్చునేవాడు.

మిషన్ కొన్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. దానితోపాటు వచ్చిన పట్టీ తమ్ముడి చేతికి చాలలేదు. చుట్టి అతికిస్తే గాలి నిండగానే చర్రున ఊడిపోయేది. పెద్ద పట్టీ తెప్పిస్తానని ఆమె అంటే మాస్టరుకు పౌరుషం వచ్చింది.

“దర్జీ ఇంట్లో గుడ్డ చాల్లేదని బయట కొంటారా? నవ్విపోతారు. ఇలా తే.”

ఆయన అదే బూడిదరంగు గట్టి గుడ్డ వెతికి, పట్టీ చివర బెత్తెడు అతుకు వేశాడు. అతికే పట్టీని విప్పి కొత్త చివరకు మార్చాడు. కుట్టు లోపలికి మళ్ళించి, పోగు పక్కన పోగు పెట్టి, వేలితో తడిమినా తెలియకుండా పూర్తిచేశాడు. ఆ పట్టీ తమ్ముడి చేతికి చక్కగా చుట్టుకుంది. ఊడలేదు. అంకె వచ్చింది. ఆ అంకె చూసి ఆమె తమ్ముణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

అప్పటి డాక్టరు ముసలాయన. ఆయన దగ్గరున్న పట్టీ కూడా తమ్ముడి చేతికి పట్టేది కాదు. అందుకని ఇంటి అంకెలనే నమ్మి, అడిగి, మాత్రకు మాత్ర కలుపుతూ వచ్చాడు. ఈమధ్యనే ఆయన పని మానుకున్నాడు. ఆయన గదిలోకి ఒక కొత్త డాక్టరమ్మ వచ్చిందని వీధిలో అనుకుంటున్నారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తమ్ముడు నేలమీద గొంతుక్కూర్చుని పాత సోఫా అడుగునుంచి మేకులు పీకుతున్నాడు. మేకులన్నీ డబ్బాలో వేసి లేచాడు. లేచినవాడు లేచినట్టే నిలబడి, గాలిలో దేన్నో పట్టుకోబోతున్నట్టు చెయ్యి చాచి, మెత్త ఇంకా కుట్టని ఆ సోఫాలోనే వెల్లకిలా పడ్డాడు. స్ప్రింగులు గణగణమన్నాయి.

చాచిన ఆ చెయ్యి ఆమె చూసింది. వంటగది గుమ్మంలోంచి వచ్చి వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చునేదాకా తన కాళ్ళు నడిచాయో లేదో ఆమెకు తెలియదు.

“తమ్ముడూ! ఒరే! నన్ను చూడు!”

వాడు కళ్ళు తెరిచాడు. “చూస్తున్నాను. రెండుగా ఉన్నావు,” అన్నాడు. కాసేపటికి, “ఇప్పుడు ఒక్కతివే,” అన్నాడు.

మాస్టరు అప్పటికే వాడి తల కింద చుట్టిన గుడ్డ పెట్టాడు. ఆయన మొహం పాలిపోయినా నోరు ఊరుకోలేదు. “సోఫా బాగుందో లేదో నువ్వే పడి చూడాలట్రా? కొన్నవాళ్ళు చూసుకుంటారుగా.”

సాయంత్రం ముగ్గురూ వీధి చివరి ఆసుపత్రికి నడిచారు. ఆసుపత్రి అంటే రెండు గదులు. ఆమె చేతిసంచిలో మిషన్, పట్టీ, తమ్ముడి మాత్రల చీటీ ఉన్నాయి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. గొంతు మాత్రం తొందర లేనిది. తమ్ముడి చేతిని ఒకసారి చూసి, సొరుగులోంచి వెడల్పాటి పట్టీ తీసి చుట్టింది. కూర్చోబెట్టి కొలిచింది. నిలబెట్టి కొలిచింది.

“కూర్చుంటే నూట పదహారు. నిలబడితే తొంభై రెండుకి పడిపోతోంది. కళ్ళు తిరిగాయంటే తిరగవా మరి? ఈయనకి ఇన్ని మాత్రలు ఎందుకు వాడుతున్నారు?”

“నూట నలభై తొమ్మిది ఉందండీ,” అంది ఆమె. “మొన్న ఆదివారమే చూశాను. మా మిషన్ తెచ్చాను, చూడండి.”

డాక్టరమ్మ ఇంటి పట్టీని అదే చేతికి చుట్టి మీట నొక్కింది. నూట నలభై ఆరు.

“మిషన్ చెడిపోయినట్టుంది,” అంది.

మాస్టరు అప్పటిదాకా గోడవారన నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ముందుకు వచ్చాడు. “మిషన్ సంగతి నాకు తెలీదుగానీ, పట్టీలో లోపం లేదమ్మా. దాన్ని పెంచింది నేను. కావాలంటే నా చేతికి పెట్టి చూడండి. నాది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.”

“ఎప్పుడు చూపించుకున్నారు?”

“చూపించుకోవడం దేనికి? కనపడుతూనే ఉందిగా,” అని ఆయన తన నడుము కేసి చూపించాడు.

తమ్ముడు తాను కూర్చున్న పరీక్ష మంచం మీంచే అన్నాడు: “పెట్టండి డాక్టరమ్మా. కర్రకి పట్టీ ఎలా ఉంటుందో నాకూ చూడాలనుంది.”

పట్టీ ఆయన చేతికి రెండు చుట్లు తిరిగింది. ఉబ్బింది. ఉబ్బుతూనే ఉంది. ఆయన చొక్కా కాలరు సర్దుకుంటూ, పరీక్ష తనది కాదు, పట్టీది అన్నట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. అంకె వెలిగింది. నూట ఎనభై నాలుగు.

“చూశారా,” అన్నాడు ఆయన, తృప్తిగా. “మిషనే పాడైపోయింది.”

తమ్ముడు పగలబడి నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. ఇంకో సొరుగులోంచి మామూలు పట్టీ తీసి, తన మిషన్‌కు తగిలించి, ఆయన్ని కుర్చీలో వెనక్కి ఆనుకోమంది. కాళ్ళు నేలకు ఆనించమంది. నూట ఎనభై రెండు. రెండో చెయ్యి. నూట ఎనభై. కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. నూట డెబ్బై ఎనిమిది.

అప్పుడు డాక్టరమ్మ ఆ బూడిదరంగు పట్టీని చేతిలోకి తీసుకుని, దీపం దగ్గర తిప్పితిప్పి చూసి, వేళ్ళతో నొక్కుతూ వచ్చింది.

“అతుకు ఎక్కడ వేశారో తెలియడమే లేదు. ఎంత బాగా కుట్టారు!” అంది మనస్ఫూర్తిగా. “కానీ మాస్టరుగారూ, మీరు పెంచింది పైగుడ్డ. లోపల గాలితిత్తి ఒకటుంటుంది, అది పెరగలేదు. మీ బావమరిదిగారి చేతిని అది సగమే పట్టుకుంటోంది. సగం పట్టుతో అంత చేతినీ నొక్కాలంటే ఎక్కువ గాలి కొట్టాలి. ఆ ఎక్కువే అంకెలోకి వచ్చింది. మీ చేతికి మాత్రం తిత్తి సరిపోయింది. మీ అంకె నిజం.”

ఆమె తమ్ముణ్ణీ భర్తనూ మార్చి మార్చి చూసింది.

“లావుగా ఉన్నవాళ్ళకే కదండీ ఇది?” అంది ఆమె. ప్రశ్న తన నోట్లోంచే వచ్చినా, చాలా ఏళ్ళ కిందటి ఎవరిదో గొంతులా వినిపించింది.

“బరువు మంచిదని నేను అనను. బరువు పెరిగితే బీపీ పెరగడానికి దారి పడుతుంది, గుండె మీద పని పెరుగుతుంది. మీ తమ్ముడుగారు నడవాలి, తగ్గాలి, మాత్రలు తగ్గించినా పూర్తిగా మానకూడదు. కానీ బీపీ తన హాని తాను విడిగా కూడా చేస్తుంది. నరాన్ని లోపల్నుంచి నొక్కేటప్పుడు అది ఎవరి ఒంట్లో ఉందో చూసుకోదు. వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి లెక్కలు తీశారు. బీపీ ఉన్నవాళ్ళలో సన్నటివాళ్ళు తక్కువగా చనిపోతారనే భరోసా ఏమీ దొరకలేదు. కొన్ని లెక్కల్లో వాళ్ళే ఎక్కువ. ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదు. నాకు ఈ గదిలో కనిపించేది ఒకటే: సన్నగా ఉన్నవాళ్ళని ఎవరూ కొలవరు.”

తర్వాత డాక్టరమ్మ చిన్న దీపంతో మాస్టరు కళ్ళలోకి చాలాసేపు చూసింది. కంటి వెనక నరాలు సన్నబడి గట్టిపడ్డాయనీ, ఇది నిన్నామొన్నా మొదలైంది కాదనీ చెప్పింది. “సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారు?” అని అడిగింది.

“నేనే,” అన్నాడు మాస్టరు.

ఆమె భర్త మొహం కేసి చూసింది. ఏడాదిగా సన్నసూదులన్నిటికీ దారం ఎక్కిస్తున్నది తనే. కిటికీ వెలుతురు చాలడం లేదని ఆయన అనేవాడు.

ఇంటికి వచ్చాక, డాక్టరమ్మ మాస్టరుకు ఇచ్చిన మాత్రల పొట్లం కత్తిరింపు బల్ల మీద, సుద్దముక్కల పక్కన, విప్పకుండానే ఉండిపోయింది. మర్నాడూ అక్కడే ఉంది. భోజనం దగ్గర మాస్టరు పళ్ళెం పక్కన తడిమాడు.

“సీసా ఏది?”

“తీసేశాను.”

“నాకు జబ్బు చేసిందని ఆ పిల్ల చెప్పింది, నువ్వు నమ్మేశావు. ఆవిడ వయసంత లేదూ నా కత్తెరకి?”

ఎత్తిపొడవడానికి వీలు దొరికినా తమ్ముడు ఎత్తిపొడవలేదు. చప్పిడి కూర కలుపుకుంటూ నెమ్మదిగా అన్నాడు: “బావా, రెండేళ్ళు నేనిది తింటుంటే నువ్వు ఎదురుగా కూర్చుని ఉప్పు చల్లుకున్నావు. నేను నిన్నేమన్నా అన్నానా?”

“రోజూ అన్నావు.”

“అన్నాననుకో. తిన్నానా లేదా? నేను లావు కాబట్టి అక్క నాకోసం ఏడ్చింది. ఆ ఏడుపులో సగం నీది. నీ భాగం నువ్వు తీసుకో.”

“నా నడుము—”

“నీ నడుము సంగతి నేను చెప్తాను,” అంది ఆమె.

ఆమె గొంతు పెరగలేదు. చేతిలో ఉన్న గరిటెను గిన్నెలో ఆనించి, భర్తకు ఎదురుగా కూర్చుంది. “నాన్న పోయాక నన్ను చేసుకుంటామని ముగ్గురు అడిగారు. ఒకాయన మీకంటే చదువుకున్నవాడు. ఒకాయన మీకంటే అందగాడు. మిమ్మల్నే ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా?”

మాస్టరు కాస్త నిటారుగా కూర్చున్నాడు. “నా పనితనం చూసి. మీ నాన్న కోటు నేనే కదా కుట్టింది.”

“పనితనం తర్వాత చూశాను. ముందు చూసింది మీ నడుము. వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పక్కకి తిరిగితే కనపడలేదు. ఈయన భోజనాల బల్ల దగ్గర ఒరిగిపోడు అనుకున్నాను. అంతే. ఇంకేమీ చూడలేదు.”

తమ్ముడు నీళ్ళు తాగబోయి ఆగిపోయాడు.

“ఇన్నేళ్ళు అదే ధైర్యంతో ఉన్నాను,” అంది ఆమె. “ప్రతి ఆదివారం వీణ్ణి కొలుస్తూ, మిమ్మల్ని ఒక్కసారీ కొలవలేదు. మీరు వద్దన్నందుకు కాదు. అడగాలనే తోచలేదు. మీ తలనొప్పికి నా చేత్తోనే తువ్వాలు తడిపి ఇచ్చాను. నాన్నకి నీళ్ళు జరిపినట్టు.”

మాస్టరు పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. కూర వైపు చూశాడు. ఉప్పు లేకుండానే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

“ముగ్గురు అడిగారని నాకు చెప్పలేదు,” అన్నాడు చివరికి.

“ఇప్పుడు చెప్పానుగా.”

“అందగాడెవరు?”

“చచ్చిపోయాడులెండి.”

“లావా, సన్నమా?” అన్నాడు తమ్ముడు. ఆమెకు నవ్వు వచ్చింది. మాస్టరుకు కూడా వచ్చేదే. ఆయన చెయ్యి కడుక్కునే నెపంతో లేచాడు.

ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చే వేళకు ఆమె గిన్నెలు సర్ది ముందుగదిలోకి వచ్చింది. తమ్ముడు తన సగంలో సోఫాకు మెత్త ఎక్కిస్తున్నాడు. మాస్టరు కిటికీ దగ్గర నిలబడి, బూడిదరంగు పట్టీని వెలుతురుకు ఎత్తిపట్టి, కుట్టు విప్పే చిన్న కత్తిని దానిమీద అటూ ఇటూ జరుపుతున్నాడు. పట్టీని తిరగేశాడు. వేలితో తడిమాడు. దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టాడు. రెండేళ్ళ కిందట తాను ఎవరికీ కనిపించకుండా వేసిన కుట్టు ఎక్కడ మొదలైందో ఆయనకే దొరకడం లేదు.

ఆమె గుమ్మంలోనే ఆగింది. పిలిస్తే తప్ప వెళ్ళకూడదనిపించింది.

“ఇదిగో,” అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండా. “నువ్వు చూడు. నాకు కనపడ్డం లేదు.”

ఆ మాట ఆయన నోట ఆమె వినడం అదే మొదలు. వెలుతురు చాలదనలేదు. ఆమె వెళ్ళి పట్టీని రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, పోగు మళ్ళిన చోటు గోటితో చూపించింది. ఆయన కత్తిమొనను అక్కడ ఆనించి తెంపాడు. ఒక పోగు తెగాక మిగిలింది తేలికగా వచ్చింది. అతుకు ఊడి బల్ల మీద పడింది. మడతలు తెలియని, మంచి గుడ్డముక్క. ఆమె సూదికి దారం ఎక్కించి ఇస్తే, ఆయన అతికే పట్టీని విప్పి పాత చివరకే మళ్ళీ కుట్టాడు.

“వీడికి పెద్ద పట్టీ తెప్పించు,” అన్నాడు. “తిత్తితో సహా పెద్దది. ఇది నాకు ఉంచు.”

“ఆ గుడ్డముక్క నాకియ్యి బావా,” అన్నాడు తమ్ముడు. “చేతిరుమాలు బాకీ ఉన్నావు.”

మాస్టరు ముక్కాలిపీట లాక్కుని, ప్రతి ఆదివారం తమ్ముడు కూర్చునే చోటే కూర్చున్నాడు. మాత్రల పొట్లం చించి, ఒకటి నోట్లో వేసుకుని, మొహం చిట్లించి నీళ్ళు తాగాడు. గ్లాసు తనే అందుకున్నాడు, తనే బల్ల మీద పెట్టాడు. తర్వాత చొక్కా చెయ్యి మడిచాడు. ఆ మడత కూడా కొలిచినట్టే ఉంది.

“ఇప్పుడే మింగితే ఇప్పుడే తగ్గదు,” అంది ఆమె. “కొన్నాళ్ళు పడుతుందట.”

“తగ్గిందా అని కాదు. ఎంతుందో చూడు. కొలత తెలియకుండా నేను గుడ్డ కత్తిరించను.”

ఆమె పట్టీ చుట్టింది. ఇప్పుడు అది ఆ సన్నటి చేతికి ఒక్క చుట్టుకు సరిగ్గా వచ్చి అతుక్కుంది.

“బావా, చెయ్యి బల్లకి ఆనించు. కాళ్ళు నేలకి పెట్టు. నీ కాళ్ళు నేలకి అందుతాయి, అదొక్కటీ—”

“మాట్లాడకండి,” అంది ఆమె. “ఇద్దరూ.”

మీట నొక్కింది. పట్టీ ఉబ్బడం మొదలైంది. ఆమె అలవాటుగా ఊపిరి బిగబట్టబోయి, భర్త తన మొహంలోకే చూస్తూ ఉండటం గమనించి, మెల్లగా వదిలింది.